చదరంగం గళ్ళలో గింజలు: ఒక ఇరవై అంకెల సంఖ్య సంగతి

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోయే కథ తనకు నేనే చెప్పాను. బడిలో సైన్స్ ఫెయిర్‌కు దాన్నే ఎంచుకుని, మొత్తం గింజల సంఖ్యకున్న గుణధర్మాలన్నీ చార్టు మీద రాస్తానంటోంది. చిక్కు అక్కడే వచ్చింది. ఎక్సెల్‌లో వేస్తే 18446744073709600000 అని చూపిస్తోంది. అందులోంచి ఒకటి తీసేసినా అదే చూపిస్తోంది. ఒక పుస్తకంలో మాత్రం చివర 615 అని ఉంది. మా బావగారేమో 2 ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చేది ప్రధాన సంఖ్యే అంటున్నారు. "చివర 5 ఉంటే ప్రధాన సంఖ్య ఎలా అవుతుంది మామయ్యా?" అని మా అమ్మాయి ఎదురు ప్రశ్న వేసింది. అసలు సంఖ్య ఏది? అది ప్రధాన సంఖ్యా, కాదా? పెద్దది అనడం తప్ప దాని గురించి చెప్పుకోదగ్గది ఇంకేమైనా ఉందా?
ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

సమాధానం: మీ రెండో ప్రశ్నకు మీ అమ్మాయే జవాబు చెప్పేసింది. చివర 5 ఉండి, 5 కంటె పెద్దదైన ఏ సంఖ్య అయినా 5తో భాగింపబడుతుంది కాబట్టి అది ప్రధాన సంఖ్య కాజాలదు. మొదటి ప్రశ్నకు జవాబు 18446744073709551615. పుస్తకంలో ఉన్నదే సరైనది, ఎక్సెల్ చూపించినది ఉజ్జాయింపు. మూడో ప్రశ్నకు మాత్రం కొంచెం తీరికగా జవాబు చెప్పవలసి ఉంటుంది, ఎందుకంటే ఈ సంఖ్యలో చూడవలసినది దాని పొడవు కాదు, అది ఎలా కట్టబడిందన్నది.

ముందు ఆ "ఒకటి తీసేయడం" ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. పలక మీద గింజలన్నీ పోశాక మొదటి గడిలో అదనంగా ఒక గింజ వేశామనుకోండి. అక్కడ రెండు గింజలవుతాయి. వాటిని రెండో గడిలోని రెండింటితో కలిపితే నాలుగు, ఆ నాలుగింటిని మూడో గడిలోని నాలుగింటితో కలిపితే ఎనిమిది, ఇలా ప్రతి గడిలోనూ అప్పటిదాకా పోగైనన్ని గింజలే ఎదురవుతూ ఉంటాయి కాబట్టి 64వ గడి దాటేసరికి మొత్తం 2⁶⁴ అవుతుంది. మనం అదనంగా వేసిన గింజను వెనక్కి తీసేసుకుంటే 2⁶⁴−1 మిగులుతుంది. శ్రేఢుల సూత్రం మీ అమ్మాయి ఇంకా చదివి ఉండదు, ఈ ఒక్క గింజతో చెబితే అది అవసరం కూడా పడదు.

ఎక్సెల్ ఎందుకు తప్పిందంటే, అది ఒక సంఖ్యను మొదటి 15 అంకెల మేరకు దగ్గరి విలువకు సర్ది చూపించి తరువాతి వాటి స్థానంలో సున్నాలు పెడుతుంది. 49 గళ్ళ మొత్తం 562949953421311, అంటే సరిగ్గా 15 అంకెలు, అక్కడిదాకా దాన్ని నమ్మవచ్చు. 50వ గడి కలపగానే మొత్తం 1125899906842623 కావాలి, ఎక్సెల్ చివరి 3ను సున్నా చేసి చూపిస్తుంది. ఒకటి తీసేసినా మారకపోవడానికి కారణం ఇంకా లోపల ఉంది. కంప్యూటరు ఇలాంటి సంఖ్యలను ద్విసంఖ్యామానంలో 53 స్థానాల మేరకే కచ్చితంగా నిలుపుకుంటుంది, ఆపైన ఉన్నదాన్ని దగ్గర్లో ఉన్న సంఖ్యకు సర్దేస్తుంది. 2⁶⁴ దగ్గరకు వెళ్ళేసరికి దానికి తెలిసిన కింది సంఖ్య 2⁶⁴ కంటె ఏకంగా 2048 తక్కువ. మధ్యలో ఉన్నవేవీ దాని లెక్కలో లేవు. ఒక గింజ తీస్తే దానికి కనిపించకపోవడం సహజమే.

కాబట్టి ఈ లెక్కను చేత్తోనే చేయించండి. భయపడవలసినంత పని కాదు. 64సార్లు రెట్టింపు చేయనక్కరలేదు, 2తో మొదలుపెట్టి వచ్చినదాన్ని వచ్చినట్టు ఆరుసార్లు వర్గం చేస్తే చాలు: 4, 16, 256, 65536, 4294967296, ఆ తరువాతిదే 2⁶⁴. చివరి వర్గం ఒక్కటే కాస్త బరువైనది. 4294967296ను ఐదేసి అంకెల రెండు ముక్కలుగా, 42949, 67296 అని విడగొట్టండి. మొదటి ముక్క వర్గం 1844616601. రెండో ముక్క వర్గం 4528751616. రెండింటి లబ్ధానికి రెట్టింపు 5780591808. మూడూ పదేసి అంకెలే కాబట్టి మామూలు కాలిక్యులేటరు కూడా వీటిలో తప్పు చేయదు. మొదటిదానికి పది సున్నాలు, రెట్టింపు లబ్ధానికి ఐదు సున్నాలు తగిలించి, మిగిలినదాన్ని అలాగే ఉంచి, మూడింటినీ స్థానాలు తప్పకుండా ఒకదాని కింద ఒకటి వేసి కూడితే 18446744073709551616 వస్తుంది. ఒకటి తీసేస్తే మన సంఖ్య. నేను దీన్ని పాత క్యాలెండరు కాగితం వెనక వేసి చూసుకున్నాను, పది నిమిషాలు పట్టింది, అందులో మూడు నిమిషాలు స్థానాలు తప్పి మళ్ళీ వేసినందుకు.

మన పద్ధతిలో కామాలు పెడితే అది 1,84,46,74,40,73,70,95,51,615 అవుతుంది. నోటితో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఇంకా పైచిల్లర.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఎక్సెల్ కంటె నమ్మకమైన సాక్ష్యం మనకు తెలుగులోనే ఉంది. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథం గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరు మీద చెప్పుకునే ఒక చంపకమాల పద్యంలో ఈ ఇరవై అంకెలూ వరసగా ఉన్నాయి. శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. పాత లెక్కల పుస్తకాల్లో అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కాబట్టి శర అన్నది ఒకట్ల స్థానం. మన్మథుడి బాణాలు ఐదు, అందుచేత 5. చంద్రుడు ఒక్కడే, 1. షట్కం 6. ఇలా వెళితే నవరంధ్రాలకు 9, ఆకాశానికి సున్నా, కులపర్వతాలకు 7, మూడగ్నులకు 3, సముద్రాలకు 4, దిగ్గజాలకు 8, చివర మంచు కిరణాల చంద్రుడితో మళ్ళీ 1. వెనక నుంచి ముందుకు రాసుకుంటూ పోతే సరిగ్గా మనకు వచ్చిన సంఖ్యే నిలుస్తుంది. 7 మూడుసార్లు వస్తే నగమని ఒకసారి, భూధరమని ఒకసారి, గిరి అని ఒకసారి వాడారు. 4 నాలుగుసార్లు వస్తే నాలుగు వేరువేరు మాటలు పడ్డాయి.

ఇది కేవలం అలంకారం అనుకుంటే పొరపాటు. ఇరవై అంకెలను తాటాకు మీద వట్టి అంకెలుగా రాస్తే, నాలుగో చేతికి వెళ్ళేసరికి ఏదో ఒక అంకె జారిపోయినా ఎవరికీ తెలియదు. పద్యంలో ఒక మాట జారితే గణం తప్పుతుంది, చదివేవాడి నాలుకకే తెలిసిపోతుంది. మాట బదులు మాట పడినా యతి ప్రాసలు కొన్నిచోట్ల పట్టుకుంటాయి. ఎక్సెల్ ఐదు అంకెలను చడీచప్పుడూ లేకుండా మింగేసిన చోట, పద్యం ఒక్కదాన్నీ వదిలిపెట్టలేదు. పైగా మన ఛందస్సుకు రెట్టింపుల లెక్క పుట్టుకతో వచ్చినది. ప్రతి అక్షరం లఘువో గురువో కావాలి కాబట్టి పాదానికి 21 అక్షరాలుండే ప్రకృతి ఛందస్సులో 2²¹, అంటే 20,97,152 వృత్తాలు (లఘు గురువుల అమరికలు) సాధ్యం. చంపకమాల వాటిలో ఒకటి. పాదానికి 64 అక్షరాలు ఉండే ఛందస్సును ఎవరైనా కల్పిస్తే దానిలోని వృత్తాల సంఖ్య చదరంగం గింజల కంటె ఒకటే ఎక్కువ.

ఇక మీ బావగారి మాట. ఆయన గాలికి అన్నది కాదు, సగం గుర్తుపెట్టుకుని అన్నది. 2²−1 అంటే 3, 2³−1 అంటే 7, 2⁵−1 అంటే 31, 2⁷−1 అంటే 127, ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. 2024 అక్టోబరులో కనుగొన్న, 4,10,24,320 అంకెలున్న ప్రధాన సంఖ్య కూడా ఈ రూపంలోదే. కానీ ఇవి ప్రధాన సంఖ్యలు కావాలంటే పైన ఉన్న ఘాతం తానే ప్రధాన సంఖ్య కావాలి. ఘాతం సంయుక్త సంఖ్య అయితే ఆ ఘాతానికున్న కారణాంకాలే కింది సంఖ్యను కూడా విడగొట్టేస్తాయి. 64కు 2, 4, 8, 16, 32 కారణాంకాలు కాబట్టి 2⁶⁴−1ను 3, 15, 255, 65535, 4294967295 అన్నీ నిశ్శేషంగా భాగిస్తాయి. ఇంకో మాట కూడా ఆయన చెవిన వేయండి, ఘాతం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన పని అయిపోదు. 2¹¹−1 అంటే 2047, అది 23, 89ల లబ్ధం.

ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం. ఇరవై అంకెల సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టమంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. ఈ సంఖ్య మాత్రం మీ అమ్మాయికి ఇప్పటికే తెలిసిన ఒక్క సర్వసమీకరణంతో విడిపోతుంది. ఒక వర్గంలోంచి మరో వర్గం తీసేస్తే వచ్చేది వాటి మూలాల మొత్తం, భేదాల లబ్ధం. 2⁶⁴ అన్నది 2³²కు వర్గం, 1 అన్నది 1కే వర్గం. కాబట్టి 2⁶⁴−1 అంటే 2³²+1, 2³²−1ల లబ్ధం. ఆ రెండోది మళ్ళీ రెండు వర్గాల భేదమే, అదీ విడిపోతుంది. మెట్లు దిగినట్టు దిగుతూ వస్తే చివరికి మిగిలేది ఇది:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

చార్టు మీద దీన్ని కింది నుంచి పైకి గుణించి చూపిస్తే ఇంకా బాగుంటుంది. 3 × 5 = 15. దాన్ని 17తో గుణిస్తే 255. 257తో గుణిస్తే 65535. 65537తో గుణిస్తే 4294967295. ప్రతిసారీ మన చేతిలో ఉన్న సంఖ్య కంటె సరిగ్గా 2 ఎక్కువైన సంఖ్యతో గుణిస్తున్నాం, గమనించారా? ఆ 2లోనే ఒక గట్టి విషయం దాగి ఉంది. ఈ వరసలో ఏ రెండు సంఖ్యలకైనా ఉమ్మడి కారణాంకం ఒకటి ఉందనుకుంటే అది ఆ 2ను కూడా భాగించి తీరాలి, కానీ ఇవన్నీ బేసి సంఖ్యలు కాబట్టి అలాంటిది ఉండదు. ఒకే ప్రధాన సంఖ్య వీటిలో రెండు చోట్ల కనిపించే అవకాశం లేదన్నమాట. సరిచూసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. మన సంఖ్యలోని ఇరవై అంకెలను కూడితే 87 వస్తుంది. 87ను 3 భాగిస్తుంది, 9 భాగించదు. కాబట్టి 3 ఒక్కసారే ఉంది.

రెండును పదే పదే వర్గం చేసి ఒకటి కలిపితే వచ్చే ఈ 3, 5, 17, 257, 65537, 4294967297 వరసను ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా పేరు మీద ఫెర్మా సంఖ్యలంటారు. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. అది చూసి ఈ రూపంలోవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉండాలని ఫెర్మా 1640 ప్రాంతంలో నమ్మాడు. ఆ తరువాత దాదాపు తొంభై ఏళ్ళకు, 1729లో, గోల్డ్‌బాక్ అనే గణితవేత్త మరో గణితవేత్త ఆయిలర్‌కు ఉత్తరం రాస్తూ ఫెర్మా మాట గురించి మీ అభిప్రాయమేమిటని అడిగాడు. (1729 అనగానే రామానుజన్ గుర్తుకొస్తే మీ తప్పు కాదు, ఇక్కడ అది కేవలం సంవత్సరం.) 1732లో ఆయిలర్ జవాబు బయటపెట్టాడు. ఆరోదైన 4294967297ను 641 భాగిస్తుంది.

ఆయిలర్ 3, 7, 11 అంటూ వరసగా భాగించుకుంటూ పోలేదు. ఇక్కడ ఏ ప్రధాన కారణాంకమైనా 64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదే అయి ఉండాలని ఆయన నిరూపించాడు. అలాంటివి 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు కానివాటిని కొట్టేస్తే మిగిలేవి 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే తలుపు తెరుచుకుంది. 641 వల్ల ఎందుకు భాగింపబడుతుందో భాగహారం చేయకుండానే చూపించవచ్చు, ఇది నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటె ఇష్టమైన ముక్క. 641ని రెండు రకాలుగా రాయవచ్చు. ఒకటి 5 × 128 + 1. రెండు 625 + 16, అంటే 5⁴ + 2⁴. రెండో రూపాన్ని 2²⁸తో గుణిస్తే 5⁴ × 2²⁸ + 2³² వస్తుంది, దాన్ని 641 భాగిస్తుంది. ఇక మొదటి రూపం ప్రకారం 5 × 128 అంటే 640. 5⁴ × 2²⁸ అన్నది సరిగ్గా 640⁴. 640⁴−1లో వర్గాల భేదాన్ని రెండుసార్లు వాడితే 640+1 ఒక కారణాంకంగా బయటపడుతుంది, కాబట్టి దాన్నీ 641 భాగిస్తుంది. మొదటిదానిలోంచి రెండోది తీసేయండి. 5⁴ × 2²⁸ రెంటిలోనూ ఉంది కాబట్టి పోతుంది, మిగిలేది 2³² + 1. అదే 4294967297.

భాగఫలం 6700417. ఇది ప్రధాన సంఖ్యా అన్న ప్రశ్న మిగిలింది. మామూలుగా అయితే దాని వర్గమూలమైన 2588 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి, అవి వందల కొద్దీ ఉంటాయి. 1878లో లూకా అనే ఫ్రెంచి గణితవేత్త ఆయిలర్ నియమాన్ని ఇంకొంచెం బిగించాడు. ఇక్కడి కారణాంకాలు 64 కాదు, 128 గుణిజానికి ఒకటి కలిపినవే అయి ఉండాలన్నాడు. 2588 లోపల అలాంటి ప్రధాన సంఖ్యలు ఐదే ఐదు: 257, 641, 769, 1153, 1409. వీటితో 6700417ను భాగిస్తే వరసగా 170, 44, 120, 334, 622 శేషాలు వస్తాయి. ఏ ఒక్కటీ నిశ్శేషంగా భాగించలేదు కాబట్టి 6700417 ప్రధాన సంఖ్యే. ఈ ఐదు భాగహారాలనూ మీ అమ్మాయి చేత చేయించి శేషాలను నేను ఇచ్చినవాటితో సరిచూడమనండి. ఇరవై అంకెల సంఖ్య చరిత్ర అంతా చేతిరాతతో ఒక నోటు పుస్తకం పేజీలో తేలిపోతుంది. వేరే ఏ ఇరవై అంకెల సంఖ్యను తీసుకున్నా ఇంత సులువుగా లొంగుతుందని హామీ లేదు.

దీంతో పూర్తి కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండోసారి రాదు. ఏడింటిలో ప్రతిదాన్నీ తీసుకోవడమో వదిలేయడమో మన ఇష్టం కాబట్టి మొత్తం భాజకాలు 2⁷, అంటే 128. లఘువు గురువుల లెక్కే మళ్ళీ వచ్చింది.

ఆ భాజకాల్లో 31 సంఖ్యలకు ప్రత్యేకమైన పరువు ఉంది. గీతలు లేని రూళ్ళకర్ర, వృత్తలేఖిని ఈ రెంటితో మాత్రమే ఏయే క్రమ బహుభుజులను గీయవచ్చన్నది గ్రీకుల కాలం నాటి ప్రశ్న. 1796లో, ఇంకా పంతొమ్మిదేళ్ళు నిండని జర్మన్ గణితవేత్త గాస్, 17 భుజాల బహుభుజిని గీయవచ్చని కనుగొన్నాడు. బేసి సంఖ్యలో భుజాలున్న క్రమ బహుభుజిని అలా గీయగలగాలంటే ఆ సంఖ్య వేరువేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధమే కావాలని 1837లో వాంట్‌జెల్ అనే ఫ్రెంచి గణితవేత్త నిరూపణతో తేలిపోయింది. తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఇవాళ్టికీ ఆ ఐదే కాబట్టి అలాంటి బహుభుజులు 31, వాటిలో పెద్దదానికి 4294967295 భుజాలు. అంటే మన సంఖ్యను ఆయిలర్ విడగొట్టిన 4294967297తో భాగిస్తే వచ్చేది. హెర్మెస్ అనే జర్మన్ పండితుడు 65537 భుజాల బొమ్మకు గీసే పద్ధతి రాయడానికి పదేళ్ళు వెచ్చించాడు. ఆ రాతప్రతి ఇప్పటికీ గొట్టింగెన్‌లో ఉంది. గీసినా అది కంటికి వృత్తంలాగే కనిపిస్తుందన్న సంగతి ఆయనకు తెలియదని నేను అనుకోను.

గింజల బరువు గురించి కూడా ఫెయిర్‌కు వచ్చినవాళ్ళు అడుగుతారు, ఒక వాక్యం సిద్ధంగా ఉంచుకోమనండి. గ్రాముకు 50 గింజలు అనుకుంటే మొత్తం దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఇప్పుడు ఏడాదికి పండిస్తున్న బియ్యం 50 కోట్ల టన్నులకు కాస్త అటూ ఇటూగా ఉంది కాబట్టి, ఆ లెక్కన ఏడు వందల ఏళ్ళకు పైబడిన పంట. సన్నబియ్యమైతే గ్రాముకు గింజలు ఎక్కువే తూగుతాయి. మీ ఇంట్లో బియ్యం పది గ్రాములు తూపించి గింజలు లెక్కపెట్టి, ఆ అంకెతో లెక్క మళ్ళీ వేసుకుంటే నేనిచ్చిన ఉజ్జాయింపు కంటె ఆమె మాటకే బలం ఉంటుంది.

పైన చెప్పిన లూకాయే 1883లో హనోయ్ గోపురం అనే ఆటను అమ్మకానికి పెట్టాడు. ఆ ఆటతో పాటు ప్రచారమైన కట్టుకథలో కాశీ గుడిలో మూడు కమ్మీలకు 64 బంగారు బిళ్ళలుంటాయి, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా ఒక కమ్మీ నుంచి మరో కమ్మీకి అన్నిటినీ ఒక్కొక్కటిగా మార్చాలి. అందుకు కావలసిన కనీస ఎత్తుల సంఖ్య కూడా 2⁶⁴−1. సెకనుకు ఒక ఎత్తు వేసినా 58,000 కోట్ల ఏళ్ళకు పైనే పడుతుంది. చార్టు మీద చోటు ఉంటే ఇది రాయవచ్చు, లేకపోతే మానేయవచ్చు.

వదలకూడనిది మాత్రం ఒకటి ఉంది. బల్ల మీద తెల్లకాగితం పెట్టుకుని, చూడడానికి వచ్చినవాళ్ళ ముందు 4294967297ను 641తో భాగించి చూపించమనండి. ఏడు మెట్లే. 4294లో 641 ఆరుసార్లు పోగా 448 మిగులుతుంది, పై నుంచి 9 దించితే 4489. అందులో ఏడుసార్లు పోగా 2 మిగులుతుంది. 6, 7 దించిన రెండు చోట్లా భాగం పోదు, భాగఫలంలో రెండు సున్నాలు పడతాయి. చాలామంది పిల్లలు తప్పేది అక్కడే, అందులో ఒక సున్నా మరిచిపోతారు. తరువాత 2672లో నాలుగుసార్లు పోగా 108, 9 దించితే 1089, ఒకసారి పోగా మళ్ళీ అదే 448. ఇంక దించడానికి మిగిలింది చివరి 7 ఒక్కటే. రెండో మెట్టులో 4489 అయి 2 మిగిల్చిన చోటే ఈసారి 4487 అవుతుంది, ఏడు 641లు సరిగ్గా 4487.